మా అమ్మాయి చదువు – మేము దిద్దుకున్న పాఠం

మా వసారాలో ఒక నవారు మంచం ఉంది. మా ఇంటి పెద్దావిడ ఆ మంచం మీదనే 2 సంవత్సరాలకు పైగా పడుకొని, 2011లో ప్రభువు సన్నిధికి చేరింది. ఆమె మాలో ఒకరికి కన్నతల్లి, ఒకరికి అత్తగారు, పిల్లలకు నాయనమ్మ. పిల్లల పిలుపే ఇంటిల్లిపాదికీ అలవాటైంది గనుక ఇక్కడ కూడా నాయనమ్మ అనే రాస్తున్నాము. మేము సత్తెనపల్లిలో కాపురముంటున్న భార్యాభర్తలము. ఒకరిది సేద్యం, ఒకరిది కుట్టుమిషను. పెద్ద చదువులు చదివినవారము కాము. అయినా ఒక డిగ్రీ చదువును గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాము. ఆ చదువు చదివింది మా అమ్మాయి. దానివలన దిద్దుకున్నది మాత్రం మేము.

2009 ఆగస్టులో ఒక తెల్లవారుజామున నాయనమ్మ మంచినీళ్ళు తాగబోతే నీళ్ళు మూతి పక్కనుంచి కారిపోయాయి. కుడి చెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. పక్షవాతమని అందరూ అన్నారు. ఊళ్ళో డాక్టరుచేత సూది వేయించాము. ఒకరు పసరు పోయించమన్నారు, ఇంకొకరు పావురం నెత్తురు రాయమన్నారు. అలా రెండు రోజులు గడిచాక గుంటూరు తీసుకుపోయాము. ఎనిమిది రోజులుంచి ఇంటికి పంపారు.

ఆ తరువాత ఆమెను మేము ఎలా చూసుకున్నామో మా వీధి అంతా చెబుతుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టాము. మంచం మీదనే ఒళ్ళు తుడిచాము. పాదం నేల మీద పెట్టనియ్యలేదు. “పెద్దప్రాణం, కదిపితే అలిసిపోతుంది” అనుకున్నాము. చూడవచ్చిన సంఘస్తులు, “కోడలంటే ఇట్టా ఉండాలి, కొడుకంటే ఇట్టా ఉండాలి” అని మెచ్చుకొని, ప్రార్థన చేసి వెళ్ళేవారు. మాకూ అది నిజమే అనిపించేది. అయితే నెలలు గడిచేకొద్దీ ఆమె కుడి చెయ్యి గుండెల మీదికి ముడుచుకొని బిగుసుకుపోయింది. పాదం కిందికి వాలిపోయింది. వీపున పుండ్లు పడ్డాయి. జబ్బే ఆ పని చేసిందనుకున్నాము.

2012లో మా అమ్మాయి ఇంటరు బైపిసి ముగించి ఎంసెట్ రాసింది. డాక్టరు చదివించాలని మా ఆశ. ర్యాంకు అందలేదు. ఆమెకు పాఠం చెప్పిన ఒక మాస్టారు, “బి.పి.టి. అని ఒక డిగ్రీ ఉంది, ఫిజియోథెరపీ, చూడండి” అన్నారు. ఆ మాట మేము అంతకుముందు వినలేదు. బంధువుల్లో ఒక పెద్దాయన విని నవ్వి, “ఇంత డబ్బు పోసి కాళ్ళు పిసికే చదువా?” అన్నాడు. మాకు తల కొట్టేసినట్టయింది. వద్దు, బి.ఎస్సీ.లో చేరమని అమ్మాయికి చెప్పాము. ఆమె కాసేపు ఊరుకొని, “నాయనమ్మ చెయ్యి ఎందుకు అట్టా బిగుసుకుపోయిందో నాకు తెలుసుకోవాలనుంది నాన్నా” అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1986లో ఏర్పడింది. నందమూరి తారకరామారావుగారి పేరుతో నడుస్తున్న ఆ విశ్వవిద్యాలయమే మన రాష్ట్రంలో వైద్య కళాశాలలతోపాటు ఫిజియోథెరపీ కళాశాలలకు కూడా పరీక్షలు పెట్టి పట్టా ఇస్తుంది. దానికి అనుబంధమైన ఒక కళాశాలలో సీటు వచ్చింది. అప్పట్లో చదువు 4 సంవత్సరాలు, ఆపైన ఆస్పత్రిలో 6 నెలల శిక్షణ. ఫీజులో కొంత ప్రభుత్వం కట్టింది. హాస్టలుకూ పుస్తకాలకూ పాడిగేదెను అమ్మాము.

అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మీడియం. అక్కడ అన్నీ ఇంగ్లీషే. శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం అని లావుపాటి పుస్తకాలు. మనిషి ఒంట్లో 206 ఎముకలు, 600లకు పైగా కండరాలు. ఏ కండరం ఏ ఎముకకు ఎక్కడ అంటుకొని ఉంది, ఏ నరం దాన్ని కదుపుతుంది, అన్నీ కంఠతా రావాలి. సెలవులకు వచ్చినప్పుడు వసారా గోడ నిండా సుద్దముక్కతో పేర్లు రాసి వల్లెవేసేది. మాకు అర్థం తెలియకపోయినా ‘డెల్టాయిడ్’ భుజానిదని, ‘క్వాడ్రిసెప్స్’ తొడదని తెలిసిపోయింది. మొదటి సంవత్సరం ఒక సబ్జెక్టు తప్పింది. పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేసి, “నావల్ల కాదు” అని ఏడ్చింది. మేము చదువు చెప్పగలవారము కాము. ఇద్దరమూ చెరొకపక్క కూర్చొని, ఆమె చదువుతున్నంతసేపూ మెలకువగా ఉన్నాము. అంతే మేము చేయగలిగింది. మళ్ళీ రాసిన పరీక్షలో గట్టెక్కింది.

తరువాతి ఏళ్ళలో చదువు రంగు మారింది. కీలు ఎంత వంగుతుందో కోణంలో కొలిచే పరికరం ఒకటి తెచ్చి మా అందరి మోకాళ్ళూ మోచేతులూ కొలిచింది. కండరానికి సున్నా నుంచి 5 వరకు మార్కులు వేస్తారట. కదలికే లేకపోతే సున్నా. బరువును ఎదిరించి నిలిచే పూర్తి బలముంటే 5. నడక కూడా ఒక లెక్కేనని చెప్పింది. మడమ నేలకు ఆనినప్పటినుంచి అదే మడమ మళ్ళీ ఆనేదాకా ఒక చుట్టు అనుకుంటే, నూటికి 60 వంతుల సేపు ఆ కాలు నేల మీద ఉంటుంది, 40 వంతులు గాలిలో ఉంటుంది. పుట్టినప్పటినుంచి నడుస్తున్నా ఈ సంగతి మేమెన్నడూ ఆలోచించలేదు.

కాళ్ళు పిసికే చదువన్న మాట ఆమె మరచిపోలేదు. ఒకసారి వచ్చి, “ఈ మాట మనవాళ్ళే అన్లేదమ్మా, లండన్లో కూడా అన్నారంట” అని చెప్పింది. అక్కడ మర్దనా అనే పనికి చెడ్డపేరు వచ్చిన రోజుల్లో, 1894లో నలుగురు నర్సులు కలిసి, శిక్షణ పొంది నిజాయితీగా ఆ వృత్తి చేసేవారికి ఒక సంఘం పెట్టారట. ఆ తరువాత యుద్ధంలో గాయపడిన సైనికులు, పోలియో సోకిన పిల్లలు – వీరిని మళ్ళీ నడిపించవలసి వచ్చి ఈ విద్య పెరిగింది. మన దేశంలోనూ అంతే. బొంబాయిలో పోలియో చెలరేగిన తరువాత, 1953లో అక్కడి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో మొదటి ఫిజియోథెరపీ పాఠశాల తెరిచారు. మా చిన్నతనంలో ప్రతి ఊళ్ళోనూ పోలియో కాలుతో పాకే పిల్లలు ఉండేవారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది; 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. పోలియో పోయింది గాని, ఆ పిల్లలకోసం మొదలైన చదువు మిగిలి, ఈనాడు పక్షవాతం వచ్చినవారికీ, నడుములు పడిపోయినవారికీ ఉపయోగపడుతున్నది.

మన మిషను ఆస్పత్రుల కథలు కూడా ఆమె పాఠాల్లో వచ్చాయి. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండుగారు కుష్ఠువలన ముడుచుకుపోయిన వేళ్ళకు ఆపరేషను చేసేవారు. వేరే పనిచేసే కండరపు స్నాయువును తెచ్చి వేలికి కలిపేవారు. కత్తిపని అంతటితో అయిపోయేది. ఆ వేలిని ఎలా కదపాలో రోగి మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చేది. నేర్పే పని ఫిజియోథెరపిస్టుది. అక్కడే చదివిన డాక్టర్ మేరీ వర్గీసుగారు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, నడుము కింది స్పర్శ కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. న్యూయార్కు వెళ్ళి పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చి, వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. ఈ కథ విన్న రోజున ఆనందించాము. అది మా ఇంటి కథకూ తగులుతుందని అప్పుడు తెలియలేదు.

2014 వేసవి సెలవుల్లో అమ్మాయి ఆ నవారు మంచం మీద కూర్చొని చదువుకుంటూ, ఉన్నట్టుండి పుస్తకం మూసింది.

“అమ్మా, నాయనమ్మని రోజుకి ఎన్నిసార్లు పక్కకి తిప్పేవాళ్ళం?”

“పొద్దున ఒళ్ళు తుడిచేటప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి.”

“రెండు గంటలకోసారి తిప్పాలంట. లేకపోతే పుండ్లు పడతాయంట.”

మేము మాట్లాడలేదు.

“లేపేటప్పుడు ఏ చెయ్యి పట్టుకునేవాళ్ళు నాన్నా?”

“ఏది అందితే అది.”

“పడిపోయిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు జారిపోద్దంట. దాని కింద దిండు పెట్టాలంట.” కొంచెంసేపు ఆగి, “ఒక్కసారన్నా కాళ్ళు కింద పెట్టి కూర్చోబెట్టామా?” అని అడిగింది.

కూర్చోబెట్టలేదు. నాయనమ్మ రెండు మూడుసార్లు ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకొని లేవబోయిన సంగతి మాకు గుర్తుకు వచ్చింది. “వద్దమ్మా, పడతావు” అని మేమే పడుకోబెట్టాము. “నువ్వు కదలబాకు, మేమున్నాంగా” అన్నాము. ఆ మాట ఎంత ప్రేమగా అన్నామో దేవునికి తెలుసు.

“మేము చేసింది తప్పా?” అని అడిగాము. అమ్మాయి కళ్ళ నీళ్ళు తుడుచుకొని, “ఎవరూ చెప్పలేదుగా నాన్నా. నేనూ ఇక్కడే ఉన్నాగా” అంది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఎవరికీ నోట మాట రాలేదు.

2015 నవంబరులో, పత్తి తీతల రోజుల్లో, మా పక్క ఇంట్లో ఉండే తమ్ముడికి పక్షవాతం వచ్చింది. పిల్లలకు బాబాయి. అప్పటికి 46 ఏళ్ళు. పత్తి మిల్లులో తూకం దగ్గర పనిచేసేవాడు. ఈసారి మేము పసరుకు పోలేదు. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా గడియ ఆలస్యం చేయకూడదని అమ్మాయి ఎప్పుడో చెప్పి ఉంచింది. మెదడులో నెత్తురు గడ్డకట్టిన రోగికి దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలట. 108కి ఫోను చేసి గుంటూరు చేర్చాము. ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మిగిలింది.

ఆ ఆస్పత్రిలో ఒక ఫిజియోథెరపిస్టుగారు రెండో రోజునుంచే బాబాయిని పక్కకు తిప్పించారు, తరువాత మంచం అంచున కూర్చోబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు ఏమేమి చేయించాలో కాగితం మీద రాసిచ్చారు. అమ్మాయి అప్పుడు నాలుగో సంవత్సరం. ప్రతి శనివారం బస్సెక్కి వచ్చేది. “నేనింకా చదువుకుంటున్నదాన్నే. సారు రాసిచ్చిందే చేయిస్తా, సొంతంగా ఏదీ చెయ్యను” అని ముందే చెప్పింది.

అది ఎంత కష్టమైన పనో అప్పుడు చూశాము. బిగిసే భుజాన్ని మెల్లగా కదుపుతుంటే బాబాయి బాధతో మూలిగేవాడు. అమ్మాయి అక్కడే ఆగి, ఊపిరి తీసుకోనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టేది. పిన్ని చీర చెంగు నోట్లో కుక్కుకొని అవతలికి పోయేది.

క్రిస్మసు సెలవుల్లో ఒక సాయంకాలం బాబాయి మంచినీళ్ళు అడిగాడు. మింగడానికి ఇబ్బంది లేదని ఆస్పత్రిలో చూసే పంపారు. పిన్ని గ్లాసు తెచ్చింది. అమ్మాయి దాన్ని అందుకొని, మంచానికి ఎడమపక్కన స్టూలు మీద పెట్టి, “బాబాయ్, పక్కకి తిరిగి, కుడిచేత్తో పట్టె ఆనుకుని, లేచి కూర్చుని తాగు. నేను పక్కనే ఉంటా, పడనియ్యను” అంది.

పిన్నికి ఉక్రోషం వచ్చింది. “దాహమని అడిగిన మనిషికి నీళ్ళు కూడా ఇయ్యనియ్యవా? ఇది చదువా? మీ నాయనమ్మని మీ అమ్మా నాన్నా ఎట్టా చూసుకున్నారో చూడలేదా నువ్వు?” అని కేక వేసింది.

ఆ మాట మా ముగ్గురికీ తగిలింది. మాలో ఒకరము అప్పటికే గ్లాసు అందుకోవడానికి లేచాము. అమ్మాయి ఏమీ అనలేదు. మా చెయ్యి పట్టుకొని ఆపింది. అంతే. ఆమె చెయ్యి వణుకుతున్నది.

బాబాయి ఎడమపక్కకు తిరగడానికే చాలాసేపు పట్టింది. ఒకసారి వెనక్కు పడ్డాడు. రెండోసారి కాళ్ళు మంచం దిగాయి. కుడిచేత్తో పట్టెను నొక్కి లేచాడు. అమ్మాయి చెయ్యి ఆయన వీపు వెనక జానెడు దూరంలో ఉంది, తగల్లేదు. కూర్చున్నాడు. ఊగాడు. నిలిచాడు. గ్లాసు అందుకొని సగం ఒలకబోసుకొని సగం తాగి, “ఇంకో గ్లాసు పెట్టు తల్లీ” అన్నాడు. పిన్ని గట్టిగా ఏడ్చి, ఆ రెండో గ్లాసు తనే తెచ్చి స్టూలు మీదనే పెట్టింది.

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా పడి ఉన్న మనిషి వృత్తాంతం మనమందరమూ ఎరిగినదే. తనను ఎత్తి నీళ్ళలో దించేవాడు లేడని అతని దిగులు. ప్రభువు అతన్ని మోయించలేదు. బాగుపడాలని నీకు ఉందా అని ముందు అడిగాడు. లేచి, తన పరుపు తానే ఎత్తుకోమన్నాడు. ప్రభువు చేసింది అద్భుతం. మా ఇంట్లో జరిగింది శిక్షణ. రెండూ ఒకటని మేము అనడం లేదు. కాని ప్రేమ అంటే మోయడం ఒక్కటే అనుకున్న మాకు, లేవనివ్వడం కూడా ప్రేమేనని ఆ సాయంకాలం తెలిసింది.

దెబ్బతిన్న మెదడు మళ్ళీ నేర్చుకోగలదట. చచ్చిన భాగం చేసే పనిని మిగిలిన భాగాలు కొంతవరకు అందుకుంటాయి; అయితే అదే కదలికను వందలసార్లు, వేలసార్లు చేయిస్తేనే. మొదటి నెలలు చాలా విలువైనవి. మంచం మీద కదలకుండా ఉన్న ప్రతిరోజూ కండరం కరుగుతుంది, కీలు బిగుస్తుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, పిక్కల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదముంటుంది. ఇది మా అమ్మాయి నాలుగేళ్ళు చదివి మాకు చెప్పిన సంగతి. మేము రెండేళ్ళు కళ్ళారా చూసి కూడా గ్రహించని సంగతి.

2016 మార్చి 27, ఈస్టరు ఆదివారం. బాబాయి చేతికర్ర పట్టుకొని ఇంటినుంచి గుడికి నడిచి వచ్చాడు. మాకు అయిదు నిమిషాల దారి, ఆయనకు అరగంట. గుడి మెట్ల దగ్గర ఒక పెద్దగారు ప్రేమకొద్దీ చంకల కింద చేతులువేసి ఎత్తబోయారు. “ఎత్తబాకండి అయ్యగారూ, చెయ్యి అందించండి చాలు” అన్నాడు. శృంగారమను దేవాలయ ద్వారం దగ్గర పేతురు చేసింది కూడా అదే గదా, కుడి చెయ్యి పట్టుకొని లేవనెత్తాడు అని మాకు తోచింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బాబాయి ఎడమ చెయ్యి పూర్తిగా రాలేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేడు. మిల్లు పనికి మళ్ళీ పోలేదు. ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కాని తన స్నానం తాను చేస్తాడు, తన అన్నం తాను తింటాడు, గుడికి తన కాళ్ళతో వస్తాడు.

అమ్మాయి 2017లో శిక్షణ ముగించి పట్టా పుచ్చుకుంది. మొదటి జీతం హాస్టలు ఖర్చుకే సరిపోయింది. ఇప్పుడు గుంటూరులో ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నది. ఈ చదువును గురించి అడిగే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఇది. డాక్టరు సీటు రానివారికి దొరికే మిగులుముక్క అనుకొని పిల్లల్ని ఇందులో చేర్చవద్దు. ఓర్పు లేనివారు ఇందులో నిలవలేరు. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది తడబడతారు. ఆ ఏడాది ఇంటివారు అండగా ఉండాలి. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ వృత్తికి జాతీయ స్థాయిలో ఒక కమిషను ఏర్పడి, ప్రవేశానికీ పాఠ్యక్రమానికీ నిబంధనలు మారుతున్నాయి గనుక, చేరేముందు విశ్వవిద్యాలయాన్ని అడిగి తెలుసుకోండి.

ఇంట్లో మంచాన ఉన్నవారుంటే ఈ అయిదూ గుర్తుంచుకోండి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. పడిపోయిన చేతిని లాగవద్దు. డాక్టరుగారు సరేనన్న రోజునే కాళ్ళు కిందికి పెట్టి కూర్చోబెట్టండి. చేతికర్ర బాగున్న చేతిలో ఉండాలి, దాని పిడి మణికట్టు ఎత్తుకు రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. మిగిలినది ఫిజియోథెరపిస్టును అడగండి.

ఆ నవారు మంచం పారేద్దామని ఒకసారి అనుకున్నాము. చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అమ్మాయి వద్దంది. ఇప్పుడు ఆమె సెలవుకు వచ్చినప్పుడు, రోగులున్న ఇళ్ళవారు మా వసారాకు వస్తారు. మాలో ఒకరిని ఆ మంచం మీద పడుకోబెట్టి, మనిషిని పక్కకు ఎలా తిప్పాలో, ఎలా కూర్చోబెట్టాలో వారికి చేసి చూపుతుంది. నాయనమ్మ పడుకున్న చోటనే మేము పడుకొని, లేవడం నేర్చుకుంటున్నాము.